పాకం చూసింది మా అత్తమ్మ, పొయ్యి దగ్గర నిలబడింది వాళ్లు: ఇంటికి వచ్చి సంక్రాంతి పిండివంటలు చేసిపెట్టే బృందం గురించి

హైదరాబాదులో నిజాంపేట చుట్టుపక్కల, పండుగల ముందు ఇళ్లకు వచ్చి పిండివంటలు చేసిపెట్టే నలుగురు మహిళల బృందం ఒకటి ఉంది. వారికి దుకాణం లేదు, బోర్డు లేదు, బృందానికంటూ ఒక పేరు కూడా లేదు. ఒక ఇంట్లో వండితే ఆ ఇంటివారు మరో ఇంటికి చెబుతారు, అంతే. 2025 సంక్రాంతికి మేము వారిని పిలిపించి మూడు కిలోల బియ్యానికి అరిసెలు, నాలుగు కిలోల బియ్యానికి సకినాలు, రెండు కిలోల పిండికి జంతికలు చేయించుకున్నాం. ఆ రోజు మా ఇంట్లో జరిగిన పని, అందులో బాగున్నవి, బాగోలేనివి, అయిన ఖర్చు, ఆ నెలాఖరు దాకా ఆ వంటలు ఎలా నిలిచాయన్న సంగతి, ఇవన్నీ ఇలాంటి సేవ కోసం చూస్తున్నవారికి పనికివస్తాయని వివరంగా రాస్తున్నాను. ఫోను నంబరు మాత్రం ఇవ్వడం లేదు. ముక్కూ మొహం తెలియని ఇళ్లకు వెళ్లడం తమకు ఇష్టం లేదని, తెలిసినవారు చెబితేనే వస్తామని వారు స్పష్టంగా చెప్పారు. ఆ మాటను గౌరవించడం నా బాధ్యత.

మా ఇల్లు రెండు ప్రాంతాల ఇల్లు. అత్తమ్మది కోనసీమ. నేను హనుమకొండలో పుట్టి పెరిగాను. సంక్రాంతి అంటే అత్తమ్మకు అరిసెలు, బొమ్మల కొలువు. మా అమ్మకు సకినాలు, నోములు. ఒకే వంటను అత్తమ్మ జంతికలంటారు, నేను మురుకులంటాను, పిల్లలు ఎవరి దగ్గర ఉంటే వారి మాట అంటారు. పెళ్లైన కొత్తలో ఏ ఊరి పండుగ చేయాలన్న ప్రశ్న ఒకటి రెండుసార్లు వచ్చింది కానీ, ఆ తరువాత రెండూ చేయడమే మా ఇంటి ఆచారమైంది. అందువల్ల మా వంటింటికి సంక్రాంతి పని రెట్టింపు. పన్నెండేళ్ల పాటు ఆ పనిని అత్తమ్మ ముందుండి నడిపారు. 2025 సంక్రాంతికి సుమారు రెండేళ్ల ముందు స్నానాల గదిలో జారిపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది కానీ, గరిటె తిప్పే బలం తిరిగి రాలేదు. అరిసెల పిండిని పాకంలో కలిపేటప్పుడు తెడ్డు తిప్పడం ఎంత బరువైన పనో చేసినవారికి తెలుస్తుంది. ఆ బరువు ఆమె చేతికి ఇక వద్దని వైద్యులు చెప్పిన నాటి నుంచి మా ఇంట్లో అరిసెలు వండటం ఆగిపోయింది.

నేను చేయవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. చలికాలంలో మా ఇంటి దినచర్య ఎలా ఉంటుందో చెబితే జవాబు దొరుకుతుంది. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలైందంటే, తెల్లవారుజామున వీధి చివరి గుడి మైకులో తిరుప్పావై వినిపించే వేళకే మా ఇంట్లో దీపం వెలుగుతుంది. గుమ్మం ముందు ఉన్న నాలుగడుగుల స్థలంలో అత్తమ్మ ఎడమ చేత్తో పిండి పట్టుకుని, కుడి చేత్తో మెల్లగా చుక్కలు పెడతారు, మా అమ్మాయి వాటిని కలుపుతుంది. కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉంటుంది కనుక దానిని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. ముందు రాత్రి తోడుపెట్టిన పాలు చలికి ఇంకా తోడుకుని ఉండవు కనుక, గిన్నెను తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టడం మొదలుపెట్టాం. ఏడు గంటలకల్లా బడి బస్సు వస్తుంది. నేనూ మా వారూ ఎనిమిదింటికి బయలుదేరితే తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. వారాంతంలో ఒక్కరోజు సకినాలు చుట్టుకోవచ్చేమో కానీ, రెండు రకాల తడిపిండి, పాకం, నూనె పని అన్నీ కలిపి ఒక్క మనిషి చేసేవి కావు. అసలు ఇవి ఎన్నడూ ఒక్క మనిషి చేసిన పనులు కావు. మా అమ్మమ్మ ఇంట్లో సకినాల రోజున వాకిట్లో తెల్లటి బట్టలు పరిచి, చుట్టుపక్కల నాలుగిళ్ల ఆడవారు కూర్చుని చుట్టేవారు. మరునాడు మరో ఇంటి వంతు. అపార్టుమెంటులో ఆ వంతులు ఎలా కుదురుతాయి?

అంతకుముందు సంవత్సరం, అంటే 2024లో, నగరంలో పేరున్న ఒక దుకాణంలో అరిసెలు కొన్నాం. అందమైన పెట్టె, లోపల వరుసగా పేర్చిన అరిసెలు. చూడటానికి లోపం లేదు. తింటే మాత్రం పాకం ముదిరిపోయి అట్టముక్కల్లా ఉన్నాయి, పాత నూనె వాసన కూడా తగిలింది. అత్తమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా మిగిలినది పళ్లెంలో పెట్టేశారు. పెద్దలకు పెట్టే విస్తట్లో ఆ అరిసెలే పెట్టాల్సి వచ్చినందుకు ఆమె పడిన బాధ నాకు తెలుసు. మళ్లీ పెట్టె కొనకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఈ బృందం గురించి మా పై అంతస్తువారు చెప్పారు. ధనుర్మాసం మొదలైన వారంలో ఫోను చేస్తే, బృందానికి పెద్ద అయిన ఆమె మాట్లాడారు. ఆమెది రావులపాలెం ప్రాంతమట. సకినాలు చుట్టే ఇద్దరు జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవారు. నాలుగో అమ్మాయి పిండి జల్లించడానికి, సాయానికి వస్తుంది. ధర చెప్పడానికి ముందే ఆమె అడిగిన ప్రశ్నలు నాకు నచ్చాయి. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఇళ్లకు పంచుతారు, పొయ్యికి ఎన్ని బర్నర్లు ఉన్నాయి, సిలిండరు నిండుగా ఉందా, సకినాల బట్టలు పరవడానికి ఎండ నేరుగా పడని గది ఉందా, బెల్లం మీరు తెస్తారా మమ్మల్ని తెమ్మంటారా అని వరుసగా అడిగారు. చివరగా, ఇంట్లో పెద్దవారు ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఉన్నారంటే, "అయితే ఆవిడని కూర్చోమనండి, మీ ఇంటి రుచి ఎలా ఉండాలో ఆవిడే చెబుతారు" అన్నారు. వెయ్యి రూపాయలు ముందుగా తీసుకుని, జనవరి 11, శనివారం మాకు కేటాయించారు.

బియ్యం నానబెట్టే పని మాదే. అరిసెల బియ్యం పూర్తిగా ఒక పగలూ ఒక రాత్రీ నానాలని, ఆ మధ్యలో కనీసం రెండుసార్లు నీళ్లు మార్చాలని, లేకపోతే పులిసిన వాసన వస్తుందని ఆమె ముందే హెచ్చరించారు. జనవరి 10 వైకుంఠ ఏకాదశి. ఉత్తర ద్వార దర్శనానికి చలిలో మూడున్నరకే లేచాం కనుక, గుడికి వెళ్లేముందు అరిసెల బియ్యం కడిగి పోశాను, దర్శనం చేసుకుని వచ్చాక ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు మార్చాను. సకినాల బియ్యానికి అంత సమయం అక్కరలేదు కనుక రాత్రి పడుకునేముందు పోశాను. అదే రాత్రి హనుమకొండ నుంచి మా అమ్మ కూడా వచ్చారు. వియ్యపురాళ్లు ఇద్దరూ పడకగదిలో దుప్పట్లు కప్పుకుని, ఏ బియ్యం వాడాలన్న చర్చను పదకొండింటి దాకా కొనసాగించారు.

శనివారం ఉదయం ఎనిమిదింటికి వస్తామన్నవారు తొమ్మిదిన్నరకు వచ్చారు. ఆ గంటన్నర ఆలస్యం తరువాత చాలా విషయాలను తారుమారు చేసింది, దాని సంగతి వేరుగా చెబుతాను. వస్తూనే నానిన బియ్యాన్ని వడకట్టి, బట్టమీద ఆరబోసి, గుప్పెట పట్టి వదిలి చూశారు. చేతికి తడి తగలాలి కానీ నీరు అంటకూడదు. ఆ స్థితిలోనే మరకు పంపాలి. మా కాలనీలో ఉన్న గిర్నీలో పసుపు, కారం కూడా పడతారు కనుక అక్కడికి వద్దని, తడిబియ్యానికే విడిగా యంత్రం పెట్టిన మరో గిర్నీకి మా వారిని తమ సహాయకురాలితో పంపారు. పండుగ రోజుల రద్దీలో అక్కడ ముప్పావు గంట వరుసలో నిలబడ్డారు. పిండి వచ్చిన వెంటనే ఒక డబ్బాలో నొక్కి, పైన తడిబట్ట కప్పారు. తడి ఆరిన పిండితో చేసిన అరిసె గట్టిపడుతుంది కాబట్టి, అరిసెల పనిలో తొందర అంతా పిండి మర నుంచి పాకంలో పడేదాకానే ఉంటుంది.

ఆ లోపల పెద్దావిడ కిలో బియ్యానికి ముప్పావు కిలో వంతున బెల్లాన్ని తూచి, చితక్కొట్టి, కొద్ది నీళ్లతో కరిగించి, సన్నటి బట్టలో వడపోశారు. బట్టలో మిగిలిన ఇసుకను మా అమ్మాయికి చూపించి, ఇది వడపోయకపోతే అరిసెలో పంటి కింద పడుతుందని చెప్పారు. ఆ తరువాత అత్తమ్మ వైపు తిరిగి, "అమ్మగారూ, మీ ఇంట్లో అరిసె మెత్తగా ఉండాలా, కాస్త గట్టిగా ఉండాలా?" అని అడిగారు. "మెత్తగానే ఉండాలమ్మా. కానీ చేత్తో పట్టుకుంటే వేలాడకూడదు" అన్నారు అత్తమ్మ. ఈ ప్రశ్న ఏ దుకాణమూ అడగదు. నేను ఈ సేవను మెచ్చుకోవడానికి మొదటి కారణం ఇదే.

అత్తమ్మకు పొయ్యి పక్కనే కుర్చీ వేశాం. ఆమె ముందు చిన్న పళ్లెంలో చన్నీళ్లు పెట్టాం. పాకం పొంగుతున్నప్పుడు పెద్దావిడ గరిటెతో ఒక చుక్క తీసి ఆ నీళ్లలో వేస్తారు, అత్తమ్మ వేళ్లతో దానిని దగ్గరకు కూడదీస్తారు. మొదటిసారి అది నీళ్లలో చెదిరిపోయింది. రెండోసారి జిగురుగా వేలికి అంటింది కానీ ఉండ కాలేదు. మూడోసారి మెత్తటి ఉండ అయి, రెండు వేళ్ల మధ్య నొక్కితే అణిగింది. పెద్దావిడ పొయ్యి కట్టేయబోతుంటే అత్తమ్మ, "ఇంకొక్క పొంగు రానివ్వమ్మా. ఈ బెల్లం కొత్తది, తడి ఎక్కువ ఉంది" అన్నారు. పెద్దావిడ ఒక్క క్షణం ఆలోచించి, సరేనని ఆగారు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషికి, పరాయి ఇంట్లో కూర్చున్న పెద్దామె మాట వినాల్సిన అవసరం ఏముంది? అయినా విన్నారు. ఆ పొంగు వచ్చిన తరువాత పాకాన్ని దించి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా తిప్పారు. నువ్వులు, గసగసాలు, చివరగా నెయ్యి పడ్డాయి. రెండేళ్ల తరువాత ఆ చలిమిడి వాసన మా వంటింట్లో నిండినప్పుడు అత్తమ్మ కుర్చీలోంచి లేచి వెళ్లి, తన పెట్టెలో పాత చీరలో చుట్టి దాచిన, అరిసెల నూనె నొక్కే చెక్కలు తెచ్చి ఇచ్చారు. అవి ఆమెకు పెళ్లినాడు పుట్టింటివారు ఇచ్చిన చెక్కలు. బృందం తమ వెంట ఇనుప చెక్కలు తెచ్చుకుంది కానీ, వాటిని పక్కన పెట్టి వీటితోనే నొక్కారు.

మొదటి వాయిలో రెండు అరిసెలు నూనెలో విచ్చిపోయాయి. ఇది చిన్న విషయం కాదు. చలిమిడి కాస్త పలచగా ఉందన్నమాట. పెద్దావిడ వెంటనే రెండు గుప్పిళ్ల పిండి చేర్చి మర్దించి, మరొకటి వేసి చూపించారు. అది పొంగి, నిలిచి, చక్కగా కాలింది. తప్పును కప్పిపుచ్చడానికి గాని, మీ బెల్లం మంచిది కాదని మా మీదకు నెట్టడానికి గాని ప్రయత్నించలేదు. మొత్తం 138 అరిసెలు వచ్చాయి.

సకినాల పని హాల్లో జరిగింది. సోఫాలు గోడకు జరిపి, ఉతికిన రెండు పాత ధోవతులు పరిచాం. తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నీళ్లు చిలకరిస్తూ పిసికారు. మా అమ్మ ఆ పిండితోనే చిన్న గౌరమ్మను చేసి, పసుపు కుంకుమలు పెట్టి, బట్ట మూలన నిలబెట్టి దండం పెట్టుకున్నాకే మొదటి సకినం పడింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి మెలి తిరుగుతూ సన్నటి దారంలా జారి, ఒక చుట్టు చుట్టూ మరో చుట్టుగా ఒదిగిపోవడం చూస్తుంటే నాకు మా అమ్మమ్మ వాకిలి కళ్లముందు నిలిచింది. జనగామ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు నాలుగు చుట్లు వేస్తారు, మరొకరు మూడు. దారం ఎక్కడా తెగదు, చుట్ల మధ్య సందు ఎక్కడా పెరగదు. మా అమ్మాయి పక్కన కూర్చుని పదిహేను ప్రయత్నాలు చేస్తే రెండు మాత్రమే సకినాలయ్యాయి. పిండి వృథా అవుతుందని వారు విసుక్కోలేదు. విరిగినవాటిని తిరిగి ముద్దచేసి, వేళ్లు ఎలా తిప్పాలో ఆమె చేయి పట్టుకుని చూపించారు. పని వేగం చూసుకునే మనుషులకు అది నష్టమే, అయినా చూపించారు.

సకినాన్ని చుట్టిన వెంటనే నూనెలో వేయరు. బట్ట తడి పీల్చుకుని అది కాస్త బిగుసుకోవాలి. అప్పుడు అట్లకాడతో లేపితే విరగకుండా వస్తుంది. మరీ ఎక్కువసేపు ఆరితే అదే సకినం పెళుసై ముక్కలవుతుంది. చలికాలపు పొడిగాలిలో ఎంతసేపు ఆరాలన్నది గడియారం చూసి చెప్పేది కాదు, వారు వేలితో అంచును తాకి చూసుకుంటూ ఒక్కో వరుసనూ లేపారు. కాల్చేటప్పుడు మంట మధ్యస్థంగానే ఉంచారు. నూనె బాగా కాగితే పైన ఎర్రబడి లోపల మెత్తగా మిగులుతుందని నేను చేసిన సకినాల ద్వారా నాకు బాగా తెలుసు. సాయంత్రానికి 230కి పైగా సకినాలు వెదురు బుట్టలో చేరాయి.

ఇక లోపాలు. గంటన్నర ఆలస్యం గురించి ముందే చెప్పాను. మధ్యాహ్నం రెండింటికి మరో ఇంట్లో పాకం పట్టాల్సి ఉందని, పెద్దావిడ వరుస మార్చి అరిసెలను మొదట వేయించారు. నూనె పాడవకుండా ఉండాలంటే కారపు వంటలు ముందు, అరిసెలు చివర వేయాలి. అరిసెను చెక్కల మధ్య నొక్కినప్పుడు కారే నూనెతో పాటు బెల్లం తునకలు, రాలిన నువ్వులు, గసగసాలు మూకుట్లోకే చేరి మాడతాయి, నూనె నల్లబడుతుంది. ఆ నూనెనే వడకట్టి జంతికలకు వాడబోతే నేను ఒప్పుకోలేదు. సకినాలకు కొత్త నూనె పోయించాను. అయితే నేను కింద అంతస్తుకు వెళ్లి వచ్చేలోగా సహాయకురాలు జంతికల మొదటి రెండు వాయిలను పాత నూనెలోనే తీసేసింది. అవి ముదురు రంగుకు తిరిగాయి, తీపి మాడిన వాసన కూడా తగిలింది. అడిగితే ఆ అమ్మాయి తప్పు ఒప్పుకుంది, ఆ రెండు వాయిల కూలి తగ్గించుకోమన్నారు. నేను తగ్గించలేదు కానీ, ఈ విషయం మాత్రం దాచదలచుకోలేదు. ఒకే రోజు రెండు ఇళ్లు ఒప్పుకోవడమే ఈ చిక్కుకు మూలం. పండుగ ముందు వారి ఆదాయమంతా ఈ పది పదిహేను రోజుల్లోనే వస్తుందని నాకు తెలుసు, అయినా ఆ భారం ఏదో ఒక ఇంటి వంట మీద పడుతుంది. సకినాల రెండో విడత పిండిలో ఉప్పు కూడా ఒక పిసరు ఎక్కువైంది.

శుభ్రత విషయంలో ఫిర్యాదు లేదు. జుట్టుకు గుడ్డ కట్టుకున్నారు, చేతులు కడుక్కోకుండా పిండి ముట్టలేదు, వెళ్లేముందు పొయ్యి గట్టును, హాలును తుడిచి వెళ్లారు. నూనె జిడ్డు వంటింటి పలకల మీద మాత్రం రెండు రోజులు వదలలేదు. ఇంట్లో ఇంత నూనె పని పెట్టుకునేవారు అందుకు సిద్ధపడాలి.

ఖర్చు సంగతి. అరిసెలకు కిలో బియ్యానికి 400 రూపాయల చొప్పున 1,200, సకినాలకు కిలోకు 500 చొప్పున 2,000, జంతికలకు కిలోకు 200 చొప్పున 400, ఆటోకు 400, వెరసి 4,000 రూపాయలు కూలి కింద ఇచ్చాం. బియ్యం, బెల్లం, నువ్వులు, నూనె, నెయ్యి వగైరా సరుకులకు సుమారు 1,900 అయింది. అన్నీ కలిపి పదమూడున్నర కిలోల వరకు వంటలు తూగాయి కాబట్టి, సరాసరి కిలోకు 440 రూపాయల దరిదాపుల్లో పడింది. అంతకుముందు సంవత్సరం దుకాణంలో కొన్న ధరతో పోలిస్తే మిగిలింది పెద్దగా ఏమీ లేదు. డబ్బు ఆదా అవుతుందని ఎవరూ ఈ సేవను ఎంచుకోనవసరం లేదు. పైగా, పొద్దుటి నుంచి రాత్రి ఏడింటి దాకా నేలమీద కూర్చుని నడుము వంచి చుట్టిన ఇద్దరికి వాటా కింద దక్కే మొత్తం నాకు తక్కువే అనిపించింది. వెళ్లేటప్పుడు నలుగురికీ పసుపు కుంకుమలతో జాకెట్టు బట్టలు పెట్టి, ఒక్కొక్కరికీ పది అరిసెలు కట్టి ఇచ్చాం. సకినాలు వద్దన్నారు. రోజంతా చుట్టిన తరువాత వాటిని చూడబుద్ధి కాదన్నారు.

జనవరి 13, సోమవారం భోగి. మా ప్రాంగణంలో ఖాళీ స్థలంలో వేసిన భోగిమంటలో పిల్లలు పిడకల దండలు వేశారు. సాయంత్రం మా నాలుగున్నరేళ్ల అబ్బాయికి రేగుపళ్లు, చెరుకు ముక్కలు, పూలరేకులు, చిల్లర కలిపి భోగిపళ్లు పోశాం. వచ్చిన పేరంటాళ్లందరికీ తాంబూలంతో పాటు రెండు అరిసెలు, మూడు సకినాలు పెట్టాం. మరునాడు పెద్దలకు బట్టలు పెట్టి విస్తరి వేసినప్పుడు అరిసెల వరుసను అత్తమ్మ స్వయంగా పేర్చారు. ఆ తరువాత ఒకటి తుంచి తిని, "పాకం కుదిరింది" అన్నారు. మా ఇంట్లో అంతకు మించిన కితాబు లేదు. కనుమ నాటి మినపగారెలు నేనే వేశాను. దానికి ఎవరి సాయమూ అక్కరలేదు. మా వాచ్‌మన్ కుటుంబానిది శ్రీకాకుళం జిల్లా, ఆ ఏడు పండుగకు ఊరికి వెళ్లలేకపోయారు. వారి ఇంటికి పంపిన డబ్బా మరునాడు చెరుకు గడలతో తిరిగి వచ్చింది.

పండుగ గడిచిన తరువాత మిగిలినవాటి పరీక్ష మొదలవుతుంది. చల్లారకుండా మూత పెడితే ఆవిరి పట్టి పాడవుతాయని, వండిన రాత్రంతా బుట్టల మీద పలచటి బట్ట మాత్రమే కప్పి ఉంచి, ఉదయం స్టీలు డబ్బాలకెత్తాం. అరిసెలు మొదటి రోజుకంటే మూడో రోజు బాగున్నాయి, పాకం అంతటా సర్దుకుని మెత్తబడ్డాయి. ఇరవయ్యో రోజున మిగిలిన ఆరేడు కూడా అలాగే ఉన్నాయి, వాసన మారలేదు. సకినాలు జనవరి నెలాఖరు దాకా కరకరలాడాయి. హైదరాబాదు చలికాలపు పొడి వాతావరణం సకినాలకు మేలు చేస్తుందని మా అమ్మ నమ్మకం. నల్లబడిన జంతికలు వారం తిరగకముందే నూనె వాసన కొట్టడం మొదలైతే పారేయాల్సి వచ్చింది. బడి నుంచి వచ్చిన పిల్లల సాయంకాలపు చిరుతిండి, మా వారి ఆఫీసు డబ్బా, తెల్లవారుజామున ముగ్గు వేసి వచ్చిన అత్తమ్మ కాఫీ పక్కన సగం అరిసె, ఇలా ఆ నెలంతా పండుగ మా ఇంట్లో కొద్దికొద్దిగా కొనసాగింది.

ఎవరికి ఈ సేవ తగును అంటే, ఇంట్లో వంట తెలిసిన పెద్దవారు ఉండి, చేతిలో బలం లేక ఆగిపోయినవారి ఇళ్లకు తప్పకుండా తగును. పెద్దవారు లేకపోయినా పరవాలేదు, కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్కనే ఉండి నూనె, ఉప్పు చూసుకునే మనిషి ఒకరు ఉండాలి. అందరూ ఉద్యోగాలకు వెళ్లి, తాళం చెవి ఇచ్చి చేయించుకోవాలనుకునేవారికి నేను సిఫారసు చేయను. వచ్చేవారు ఎవరైనా సరే, ఆ రోజు మరో ఇల్లు ఒప్పుకున్నారా అని, ఏ వంట ముందు వేస్తారని ముందే అడిగి తేల్చుకోండి. నూనె రెండు విడతలకు సరిపడా కొని ఉంచుకోండి.

మేము ఆ మరుసటి సంక్రాంతికి కూడా వారికే చెప్పాం. రోజంతా మా ఇంటికే కేటాయించాలని, అందుకు కూలి కొంత పెంచి ఇస్తామని అడిగితే పెద్దావిడ ఒప్పుకున్నారు. కారపు వంటలు ముందు, అరిసెలు చివరన అని కూడా మాట్లాడుకున్నాం. ఫోను పెట్టేసే ముందు ఆమె అడిగారు, అమ్మగారి చేయి ఇప్పుడు ఎలా ఉందని. ఫోను అత్తమ్మకు ఇచ్చాను. ఇద్దరూ ఈసారి బెల్లం ఎక్కడిది తెప్పించాలన్న దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నారు.